తప్పిపోయినవారి పేర్లు వ్రాసిన క్లారా బార్టను

చదువవలసిన వాక్యభాగములు: సంఖ్యాకాండము 31:48-54; ఆదికాండము 37:31-35



పై భాగములలో మొదటిదానిని మనము తరచుగా దాటిపోవుదుము. యుద్ధము ముగిసినది. దోపుడుసొమ్ము లెక్క పూర్తియైనది. ఎడ్లెన్ని, గొఱ్ఱెలెన్ని, గాడిదలెన్ని అని అధ్యాయమంతయు లెక్కయే. ఆ తరువాత సేనాపతులు మోషేయొద్దకు వచ్చి, తమ చేతిక్రింది యోధులనుకూడ లెక్కించితిమనియు, ఒక్కడును తగ్గలేదనియు తెలియజేసిరి. సొమ్మును లెక్కించినవారే మనుష్యులనుకూడ లెక్కించిరి. ఈ సంగతి నాకు ఆ అధ్యాయములో అన్నిటికంటె గొప్పదిగా కనబడుచున్నది.

రెండవ భాగములో యాకోబు నెత్తురంటిన అంగీని చూచి కుమారుడు చచ్చెనని నమ్మెను. యోసేపు ఐగుప్తులో బ్రదికియే యుండెను. ఇరువది రెండేండ్లపాటు ఆ తండ్రికి నిజము తెలిసినవారు ఇంటిలోనే యుండిరి గాని చెప్పినవారు లేరు.

ఇది మన దివిసీమ తల్లులకు వేరుగా వివరింపనక్కరలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తరువాత కాలువగట్లమీదను ముళ్లకంపలలోను దొరికిన శవములను, పేరు విచారించు వీలులేక, ఒక్కచోట చేర్చి దహనము చేసిరి. బిడ్డ శవమును కంట చూడని తల్లులు కొందరు ఏండ్ల తరబడి బస్సు ఆగిన చప్పుడైనప్పుడెల్ల వాకిటికి వచ్చి చూచెడివారని మా పెద్దలు చెప్పగా వింటిని. అంతకుముందు 1942లో బర్మానుండి కాలినడకను బయలుదేరి ఇల్లు చేరనివారి సంగతియు అట్టిదే. చచ్చినవాని కొరకు ఏడ్చుటకు ఒక దినము ఉండును. తప్పిపోయినవాని కొరకు ఏడ్చుటకు ఏ దినమును లేదు.

ఈ నెల నేను వ్రాయబోవునది అట్టి తల్లులకు జవాబు వ్రాయుటయే పనిగా నాలుగేండ్లు గడపిన ఒక స్త్రీని గూర్చి. ఆమె పేరు క్లారా బార్టను. అమెరికాదేశములో రెడ్ క్రాసు సంఘమును స్థాపించినది ఈమెయేయని మన పిల్లలు బడిలో చదివియుందురు. అంతకుముందు ఆమె చేసిన ఈ పని అంతగా తెలియదు.

క్లారా 1821 డిసెంబరు 25న, క్రిస్మసు దినమున, మసాచుసెట్సు రాష్ట్రములో ఆక్స్‌ఫర్డు అను గ్రామప్రాంతమున జన్మించెను. అయిదుగురు పిల్లలలో కడపటిది. తండ్రి స్టీఫెను బార్టను యౌవనమున సిపాయిగా పనిచేసినవాడు. సాయంకాలము పొయ్యియొద్ద కూర్చుండి దండుల సంగతులను, దళములు పటాలములుగా ఏర్పడు విధమును బిడ్డకు చెప్పెడివాడు. ఆమె మిక్కిలి బిడియస్థురాలు. పదునొకండేండ్ల ప్రాయమున అన్న డేవిడు కొట్టముపైనుండి పడి మంచము పట్టగా, రెండేండ్లు అతని ప్రక్క విడువక సేవచేసెను. పదునేడేండ్లకే బడి చెప్పనారంభించెను.

న్యూజెర్సీ రాష్ట్రములోని బోర్డెన్‌టౌను అను పట్టణమున ఆమె 1852లో ఉచిత పాఠశాల తెరచెను. ఆరుగురు పిల్లలతో మొదలైన బడి వందలకు పెరిగెను. బడి పెద్దదైన తరువాత, ఇంత బడికి స్త్రీ చాలదని పెద్దలు తలంచి, ఆమెపైని ఒక పురుషుని ప్రధానోపాధ్యాయునిగా ఎక్కువ జీతమునకు నియమించిరి. ఆమె రాజీనామా ఇచ్చి 1854లో వాషింగ్టను నగరమునకు వెళ్లెను.

అక్కడ పేటెంటు కార్యాలయములో గుమస్తా పని దొరికెను. పురుషులతో సమానముగా సంవత్సరమునకు 1,400 డాలర్ల జీతము. తోడి గుమస్తాలకు ఇది గిట్టలేదు. నడవలో వరుసగా నిలిచి చుట్టపొగ ఆమె ముఖముమీద ఊదెడివారట. తరువాత ఆమెను జీతపు పనినుండి నకలు వ్రాయు పనికి దింపిరి. నూరు మాటలకు పది సెంట్లు. 1857లో ప్రభుత్వము మారగా ఆ పనియు పోయెను. 1860లో మరల నకలు వ్రాయుటకే వచ్చెను. చక్కని దస్తూరి, తప్పులేని నకలు, దస్త్రము దాచిన చోటు మరువని బుద్ధి — ఈ చిన్న విద్యలు ఆమెకు అక్కడ అబ్బెను. మన సంఘములలో ప్రసంగము చేయువారిని గౌరవింతుము. రిజిస్టరు వ్రాయువానిని ఎవరును తలంపరు. కనుక ఈ సంగతి వ్రాసితిని.

1861 ఏప్రిలులో అమెరికాలో ఉత్తర దక్షిణ రాష్ట్రముల యుద్ధము ఆరంభమాయెను. బాల్టిమోరు పట్టణములో అల్లరిమూక చేతిలో దెబ్బలుతిని వాషింగ్టను చేరిన మసాచుసెట్సు పటాలమును చూడబోయిన క్లారాకు, వారిలో తన యొద్ద చదివిన పిల్లలే కనబడిరి. ఆ దినమునుండి ఆమె వెనుకకు చూడలేదు. బండ్లపై కట్టుగుడ్డలు, ఆహారము, దీపములు ఎక్కించుకొని యుద్ధభూమికే వెళ్లెను. 1862 సెప్టెంబరు 17న ఆంటీటము యుద్ధములో గాయపడినవానికి నీళ్లు త్రాగించుచుండగా ఒక గుండు ఆమె చేతిగుడ్డలోగుండ దూసుకొనిపోయి అతనిని చంపెను. ఆ గుండు చిరిగిన చోటును ఆమె కుట్టుకొనలేదని చెప్పుదురు.

గాయపడినవారు చనిపోవుచు ఆమెతో చెప్పినవి ఎక్కువగా పేర్లే: తమ పేరు, ఊరు, తల్లి పేరు. ఆమె చిన్న పుస్తకములలో వాటిని వ్రాసికొనెను. అప్పుడు సిపాయిల మెడలో గుర్తుబిళ్లలు లేవు. యుద్ధమునకు పోవుటకు ముందు కొందరు కాగితపు ముక్కపై పేరు వ్రాసి చొక్కాకు గుచ్చుకొనెడివారు. వాన కురిసిన ఆ పేరును పోవును. యుద్ధము ముగియు సరికి ఉత్తరపక్షపు సిపాయిల సమాధులలో సగమునకు కొంచెము తక్కువ పేరులేనివిగానే యుండెను.

యుద్ధశాఖ రికార్డులో మరణము నమోదుకాని సిపాయి ఇంటివారికి కలిగిన కష్టమును ఆలోచించుడి. భర్త చచ్చెనని దాఖలా లేనిదే విధవరాలికి పెన్షను రాదు. పొలము పంచుకొనుటకు వీలులేదు. పారిపోయెనేమోయని ఊరివారు గుసగుసలాడుదురు. తల్లి ప్రతి రాత్రి ఒక గిన్నెలో అన్నము దాచును. కార్యాలయములకు వ్రాసిన ఉత్తరములకు జవాబు లేదు. జవాబు వచ్చినను వివరము తెలియదనియే. ఇట్టివారు క్లారాకు వ్రాయ మొదలుపెట్టిరి, యుద్ధభూమిలో తమవానిని చూచితివాయని.

1865 మార్చినెలలో అధ్యక్షుడు అబ్రాహాము లింకను ఆమె ఈ పని చేయుటకు అనుమతించెను. తప్పిపోయిన ఖైదీల బంధువులు ఆమెకు వ్రాయవలెననియు, సిపాయి పేరు, రెజిమెంటు, కంపెనీ తెలుపవలెననియు పత్రికలలో ప్రకటన వెలువడెను. నెల తిరిగి కొన్ని దినములకే లింకను హత్యచేయబడెను. ఉత్తరములు మాత్రము ఆగలేదు. కొన్ని దినములలో నూరేసి వచ్చుచుండెను. (మన బందరును ఉప్పెన ముంచి సుమారు 30,000 మందిని తీసికొనిపోయినది దానికి కొద్ది నెలలకు ముందే, 1864 నవంబరు 1 రాత్రి. వారిలో ఎందరి పేర్లు మనకు తెలియును?)

వాషింగ్టనులో ఏడవ వీధిలో ఒక ఇంటి మూడవ అంతస్తున ఆమె అద్దెకుండెను. అదియే కార్యాలయమాయెను. పండ్రెండుమంది వరకు గుమస్తాలు అక్కడ పనిచేసిరి. మొదట జీతములు తన సొంత సొమ్ములోనుండియే ఇచ్చెను. 1866లో పార్లమెంటు సభవారు ఆమె ఖర్చుకు 15,000 డాలర్లు మంజూరు చేసిరి.

ఆ పని జరిగిన విధమును కొంచెము వివరముగా చెప్పెదను. ఉత్తరము రాగానే దానికి అంకె వేసి రిజిస్టరులో ఎక్కింతురు. ముట్టినదని ఇంటివారికి వ్రాయుదురు. సిపాయి పేరును అతని రాష్ట్రము చొప్పున, రెజిమెంటు, కంపెనీ చొప్పున పట్టీలో చేర్తురు. ఈ పట్టీలను అచ్చువేసి దేశమంతటను తపాలా కార్యాలయములకును పత్రికలకును పంపుదురు. మొదటి పట్టీ 1865 జూనులో వెలువడెను. దానిలో 1,533 పేర్లు. ఇట్లు ఐదు పట్టీలు అచ్చుపడెను. మొత్తము 6,000 పైచిలుకు పేర్లు. ఇంటికి తిరిగివచ్చిన సిపాయి తపాలా కార్యాలయపు గోడపై తన తోటివాని పేరు చూచి, ఫలాని నదియొద్ద అతడు నా ప్రక్కనే పడిపోయెనని వ్రాయును. గుమస్తా ఆ జవాబును మొదటి ఉత్తరముతో జతపరచును. అప్పుడు ఇంటికి కబురు పోవును. పని ఇంతమాత్రమే. గాని ఒక అక్షరము తప్పిన ఒకని తల్లి మరియొకని తల్లి దుఃఖమును మోయవలసివచ్చును. యాకోబునకు తెచ్చిన అంగీవంటి కబురు పంపరాదు గదా.

ఇంకొక చిక్కుకూడ వచ్చెను. పట్టీలో తన పేరు చూచి ఒక యువకుడు, బ్రదికియున్నవాడు, కోపముతో క్లారాకు వ్రాసెను. తన పేరు దేశమంతట చాటించుటకు తాను ఏమి నేరము చేసితినని అతని ప్రశ్న. ఆమె కఠినముగానే జవాబిచ్చెను. అతనిని వెదకుమని వ్రాసినది అతని సహోదరియనియు, తల్లి అతని కొరకు కనిపెట్టుచునే చనిపోయెననియు, వారు అతనిని గూర్చి తలంచినంత అతడు వారిని తలంపకపోవుట వారి దురదృష్టమనియు తెలిపెను.

నేను చాలకాలము ఈ సంగతిలో క్లారా పక్షమే వహించితిని. ఇప్పుడు అంత నిశ్చయముగా చెప్పలేను. కొన్ని ఏండ్ల క్రిందట ఒక తల్లి తన కుమారుడు పట్నము పోయి జాడలేడని నాయొద్ద ఏడ్చెను. నేను అక్కడక్కడ విచారించి అతనిని కనుగొంటిని. తాను క్షేమముగా నున్నాననియు, తన చిరునామా మాత్రము ఇంటివారికి చెప్పవద్దనియు అతడు నన్ను బ్రతిమాలెను. కారణము చెప్పెను, అది ఇక్కడ వ్రాయదగినది కాదు. నేను తల్లితో నీ కుమారుడు బ్రదికియున్నాడు, ఆరోగ్యముగా నున్నాడు అనిమాత్రమే చెప్పితిని. ఆ రాత్రి ఆమె కడుపునిండ అన్నము తినెను. ఎక్కడ అని ఇప్పటికిని నన్ను అడుగుచునే యున్నది. నేను చెప్పక ఊరకుండుచున్నాను. అచ్చుపట్టీ తప్ప క్లారాకు వేరు దారి లేదు. అయినను దాగుకొనినవానికి ఏదో ఒక కారణముండును.

ఇప్పుడు డోరెన్సు ఆట్వాటరు అను చిన్నవాని సంగతి చెప్పవలెను. క్లారా పనిలో అతి పెద్ద ఫలము అతనివలననే కలిగెను. ఇతడు కనెక్టికటు రాష్ట్రమువాడు, గుఱ్ఱపుదళపు సిపాయి. 1863లో పదునెనిమిదేండ్ల ప్రాయమున దక్షిణపక్షమువారికి చిక్కెను. జార్జియా రాష్ట్రములో ఆండర్సన్‌విల్లు అను చోటి చెరలో అతనిని ఉంచిరి. పైకప్పు లేని ఆవరణములో ఆకలి, విరేచనములు, ఎండ. సుమారు 45,000 మంది ఖైదీలలో దాదాపు 13,000 మంది చనిపోయిరి. ఆట్వాటరు దస్తూరి మంచిది గనుక చనిపోయినవారి పట్టీ వ్రాయుటకు అతనిని పెట్టిరి. ఈ పట్టీ ఎన్నటికిని బయటికి రాదని అతనికి అనుమానము పుట్టెను. ప్రతి పేరుకు రహస్యముగా రెండవ నకలు వ్రాసి, దానిని కోటు లోపలి గుడ్డలో దాచి, విడుదలైనప్పుడు వెంట తెచ్చెను.

యుద్ధశాఖవారు నకలు తీసికొనుటకై ఆ పట్టీని పుచ్చుకొనిరి. తరువాత తిరిగి ఇయ్యరైరి. తనవారి కొరకు కనిపెట్టుకొనియున్న వేలాది కుటుంబములకు ఆ పేర్లు చేరవలెనని అతని ఆశ. క్లారా అచ్చువేసిన పట్టీని చూచి అతడు ఆమెకు ఉత్తరము వ్రాసెను. ఆమె దాని విలువ వెంటనే గ్రహించి యుద్ధమంత్రిని కలిసెను. 1865 వేసవిలో కాప్టెన్ మూరు, క్లారా, ఆట్వాటరు, వెంట కొందరు పనివారు ఆండర్సన్‌విల్లుకు వెళ్లిరి. అక్కడ శవములను పొడవైన గోతులలో వరుసగా పూడ్చి ప్రతివానియొద్ద ఒక అంకెగల కొయ్యను నాటిరి. ఆ అంకెయే ఆట్వాటరు పట్టీలోను ఉండెను. కొయ్య అంకెను చూచి, పట్టీలో పేరు చూచి, పేరుగల పలకను నాటుచు పోయిరి. ఇట్లు సుమారు 12,900 సమాధులకు గుర్తులు నిలిపిరి. వాటిలో 400 పైచిలుకు మాత్రమే పేరులేక మిగిలెను. ఆగస్టు 17న క్లారా చేత ఆ చోట జెండా ఎత్తించిరి.

ఆ దినములలో చుట్టుపట్ల తోటలలోని నల్లవారు, అప్పుడే దాస్యమునుండి విడుదలైనవారు, దూరమునుండి నడచి ఆమెయొద్దకు వచ్చెడివారు. లింకను చనిపోయెననుట నిజమేనాయనియు, ఆయన పోయినచో మేము మరల దాసులమా యనియు అడిగిరి. యజమానులు వారికి అట్లు చెప్పిరట. ఆమె ప్రభుత్వ ఉత్తరువును వారికి చదివి వినిపించెను. వారుకూడ కబురు కొరకు వచ్చినవారే.

ఆట్వాటరునకు దక్కిన బహుమానము చెర. సమాధుల పని ముగిసిన పిమ్మట పట్టీ తనదని అతడు దానిని ఉంచుకొనెను. ప్రభుత్వపు దస్త్రమును దొంగిలించెనని సైనిక న్యాయస్థానము అతనికి 18 నెలల కఠినశిక్షయు 300 డాలర్ల జుల్మానాయు విధించెను. శత్రువుల చెరలో బ్రదికి వచ్చినవాడు స్వదేశపు చెరకు పోయెను! రెండు మాసములు గడచినపిమ్మట విడుదలయ్యెను. క్లారా అతని ప్రక్కను విడువలేదు. 1866లో న్యూయార్కు ట్రిబ్యూను పత్రికవారు ఆ పట్టీని అచ్చువేసి చవుక వెలకు అమ్మిరి. క్లారా వ్రాసిన నివేదికయు దానితోపాటు వచ్చెను. పేర్లు కుటుంబములకు చేరెను. తరువాత అతనిని సీషెల్సు దీవులకును, ఆపైని తాహితి దీవికిని అమెరికా ప్రతినిధిగా పంపిరి.

క్లారా కార్యాలయము 1868 వరకు నడిచెను. ఆమె లెక్క ప్రకారము వచ్చిన ఉత్తరములు 63,182; పంపిన జవాబులు 41,855; జాడ తెలిసిన సిపాయిలు సుమారు 22,000 మంది. వారిలో అత్యధికులు మరణించినవారే. అయినను ఆ కబురుకొరకే ఇంటివారు కృతజ్ఞతతో వ్రాసిరి. ఈ సంవత్సరములలోనే ఆమె డబ్బు సంపాదించుటకై ఊరూర తిరిగి యుద్ధసంగతులు ఉపన్యసించెను. 1868లో ఒక సభలో నిలిచియుండగా గొంతు పోయెను.

వైద్యుల సలహా చొప్పున 1869లో ఐరోపాకు వెళ్లి, జెనీవాలో రెడ్ క్రాసు సంగతి వినెను. 1881లో అమెరికా రెడ్ క్రాసును స్థాపించెను. మరుసటి సంవత్సరము ఆ దేశము జెనీవా ఒడంబడికపై సంతకము చేసెను. యుద్ధములకేగాక వరదలకును గాలివానలకును రెడ్ క్రాసు పోవలెనని పట్టుబట్టినది ఆమెయే. 1889లో జాన్స్‌టౌను వరద. 2,200 మందికి పైగా చనిపోగా వారిలో 700 పైచిలుకు శవములు ఎవరివో తెలియలేదు. ఆమె ఐదు నెలలు అక్కడనే యుండెను. 1893లో దక్షిణ కెరోలినా సముద్రతీరపు దీవులపై ఉప్పెన వచ్చి 30,000 మంది నల్లవారు ఇల్లులేనివారైరి. పది నెలలు వారియొద్ద నుండి, ఉప్పునీరు పోవుటకు మురుగుకాలువలు త్రవ్వించి, విత్తనములు పంచి, మరల పంట చేతికి వచ్చువరకు కదలలేదు. ఉప్పుతేరిన పొలము సంగతి నాగాయలంక, కోడూరు రైతులకు నేను చెప్పనేల? 1900లో గాల్వెస్టను పట్టణమును సముద్రము ముంచినప్పుడు ఆమెకు 78 ఏండ్లు. అప్పుడును వెళ్లెను.

ఆమె లోపములు దాచుట న్యాయము కాదు. మనుష్యుల పేర్లు అంత శ్రద్ధగా వ్రాసిన ఆమె, డబ్బు లెక్కలు అంత శ్రద్ధగా వ్రాయలేదు. రెడ్ క్రాసు అధికారమంతయు తన చేతిలోనే ఉంచుకొనెను. సలహా చెప్పినవారిని సహింపలేకపోయెను. తోటివారు ఫిర్యాదు చేయగా విచారణ జరిగెను. అది ఏ నేరమును స్థాపింపకయే ముగిసినను, 1904లో ఆమె పదవి విడిచిపెట్టెను. నకళ్లు వ్రాసి జీవించిన దినములలో ఒంటరిగా పోరాడుట నేర్చిన ప్రాణము అది. ఆమె వివాహము చేసికొనలేదు. మన ప్రాంతమున నుండినయెడల అందరును ఆమెను మిస్సమ్మగారని పిలిచియుందురు.

1912 ఏప్రిలు 12న, తొంబదియేండ్ల ప్రాయమున, వాషింగ్టనునకు సమీపముననున్న గ్లెన్ ఎకో గ్రామములో ఆమె ప్రభువునందు నిద్రించెను. దేహమును పుట్టిన ఊరికి తీసికొనిపోయి తల్లిదండ్రుల ప్రక్కను సమాధి చేసిరి.

ఏడవ వీధిలోని ఆ ఇంటి పై అంతస్తులు కాలక్రమమున మూతపడి, అక్కడ ఏమి జరిగెనో ఊరివారు మరచిపోయిరి. 1996లో ఆ కట్టడమును పడగొట్టుటకు ముందు చూడబోయిన ప్రభుత్వపు పనివాడు ఒకడు, పైకప్పు క్రింది అటకలో ఒక ఉత్తరపు కవరును చూచెను. తడవి చూడగా పాత కాగితములు, బట్టలు, వాటితో ఒక రేకు పలక బయటపడెను. పలకపై తప్పిపోయిన సిపాయిల కార్యాలయమనియు, మూడవ అంతస్తు, తొమ్మిదవ గదియనియు, దాని క్రింద మిస్ క్లారా బార్టను అనియు వ్రాసియుండెను. కట్టడమును పడగొట్టలేదు. ఆ గదులను ఇప్పుడు జనులు చూచుటకు తెరచియుంచిరి.